తొమ్మిదో రోజుకూ వదలని దగ్గు, ఇంట్లో మధుమేహం ఉన్న మామగారు: ఈ వానాకాలపు ఫ్లూలో ఏం చేయాలి?

ప్రశ్న: ఖమ్మం లెక్చరర్

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఒక జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను. వానలు మొదలైనప్పటి నుంచి మా తరగతిలో సగం మంది పిల్లలు దగ్గుతూనే పాఠం వింటున్నారు. కిటికీలు తీస్తే జల్లు కొడుతుందని మూసేస్తాం, అరవై మందిమి ఆ గాలే పీలుస్తాం. సరిగ్గా తొమ్మిది రోజుల కిందట, మధ్యాహ్నం భోజనం దాకా బాగానే ఉన్నదాన్ని, నాలుగింటికి వెన్నులో చలి పుట్టి, ఇల్లు చేరేసరికి 102 డిగ్రీల జ్వరంతో మంచమెక్కాను. మూడు రోజులు ఒళ్ళంతా రోకటితో దంచినట్టు నొప్పులు, కళ్ళు తిప్పితే తలపోటు, నోరంతా చేదు. నాలుగో రోజుకు జ్వరం దిగింది కానీ దగ్గు దిగలేదు. పగలు కొంత నయం. రాత్రి పడుకోగానే మొదలై తెల్లవారుజాము దాకా నన్నూ ఇంట్లోవాళ్ళనూ నిద్రపోనివ్వడం లేదు.

మొదటి రోజే మా వీధిలోని క్లినిక్‌లో ఒక ఇంజెక్షన్ చేసి, మూడు రోజులకు అజిత్రోమైసిన్ రాసిచ్చారు. అది అయిపోయింది. దగ్గు తగ్గలేదని మళ్ళీ వెళితే, ఈసారి ఇంకా బలమైన యాంటీబయోటిక్ వాడాలంటున్నారు. వాడాలా వద్దా అన్నది నా మొదటి సందేహం.

రెండోది ఇంతకంటే పెద్దది. మా మామగారికి 71 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా మధుమేహం, బీపీ ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచి ఆయన తుమ్ముతున్నారు, ఈ ఉదయం చూస్తే 100.8 జ్వరం ఉంది. నా వల్లే ఆయనకు సోకిందేమోనని మనసు పీకుతోంది. రెండు రోజులు జ్వరం బిళ్ళ వేసి చూద్దామని మావారు అంటున్నారు. అలా ఆగవచ్చా? నాలుగేళ్ళ పాపకు ముక్కు కారుతోంది గానీ ఆటపాటలు మామూలుగానే ఉన్నాయి. కిందటేడు వాడగా మిగిలిన దగ్గు సిరప్ ఇంట్లో ఉంది, పోయవచ్చా? కళాశాలకు నేను ఎప్పటి నుంచి వెళ్ళవచ్చో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.


సమాధానం 1: గుంటూరు ఫిజీషియన్

మేడమ్, మీ దగ్గు సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ మామగారి సంగతి. రెండు రోజులు ఆగి చూద్దామనడం మీ వయసువారికి చెల్లుతుంది గానీ, 71 ఏళ్ళ వయసులో మధుమేహం ఉన్నవారికి చెల్లదు. ఫ్లూకు పనిచేసే ఒసెల్టామివిర్ అనే మాత్ర లక్షణాలు మొదలైన 48 గంటలలోపు మొదలుపెడితేనే బాగా ఉపకరిస్తుంది. నిన్న సాయంత్రం నుంచి లెక్కపెట్టుకుంటే మీకు రేపు సాయంత్రం దాకానే గడువు ఉంది. అరవై అయిదు దాటినవారికి, మధుమేహం, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారికి, గర్భిణులకు ఫ్లూ అని అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే ఈ మందు మొదలుపెడతాం. అయితే దీన్ని మీరే దుకాణంలో కొని వేయకండి. ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నవారిలో కిడ్నీలు కొంత దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి, వాటి పనితీరును తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి. ఇవాళే ఆయనను ఒక ఫిజీషియన్ దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఈలోగా బీపీ మాత్రలు, షుగరు మందులు సొంతంగా ఆపకండి. జ్వరం వచ్చినప్పుడు తిండి తగ్గినా రక్తంలో చక్కెర పెరుగుతుంది. శరీరం జబ్బుతో పోరాడుతూ విడుదల చేసే హార్మోన్లు అలా చేస్తాయి. ‘ఏమీ తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకు’ అని ఆపేసి, మూడో రోజున ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. రోజుకు మూడు నాలుగుసార్లు గ్లూకోమీటరుతో చూసుకోండి. ఆయన వాడే షుగరు మాత్రల్లో పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని వచ్చేది గానీ, మెట్‌ఫార్మిన్ గానీ ఉండి, వాంతులు అవుతున్నా, బొత్తిగా తినలేకపోతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి. వాటిని తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు.

మరో మాట. ఇది వానాకాలం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఫ్లూ, డెంగీ ఒకే నెలల్లో తిరుగుతాయి. తుమ్ములు, ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు ఉంటే ఫ్లూ వైపు, అవేమీ లేకుండా ఎత్తు జ్వరం, కంటి గుడ్ల వెనక నొప్పి, వాంతులు ఉంటే డెంగీ వైపు మొగ్గు చూపుతాం. అయినా కచ్చితంగా తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మందులు వాడకూడదు. డెంగీ అయితే అవి రక్తస్రావానికి దారితీస్తాయి. పారాసిటమాల్ ఒక్కటే వాడండి. ఇంకొకటి, జ్వరం వచ్చిన రెండో రోజున ఒక్క విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని తేల్చేస్తే నమ్మకండి. ఆ ఒక్క పరీక్షతో టైఫాయిడ్‌ను నిర్ధారించలేం. అయినా మన ఊళ్ళలో ఆ కాగితం పట్టుకుని వారం రోజులు సూదులు వేయించుకునేవారికి లోటు లేదు.

ఇక మీ దగ్గు. 2023 మార్చిలో దేశమంతటా హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ వ్యాపించినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుందని, దగ్గు మాత్రం మూడు వారాల దాకా ఉండవచ్చని, అలాంటివారికి అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ వంటి యాంటీబయోటిక్‌లు ఇవ్వవద్దని అందులో వైద్యులనే కోరింది. మీరు చెప్పిన క్రమం అచ్చం అదే. వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను గీరినట్టు ఊడగొట్టి వెళ్ళిపోతుంది. ఆ పొర మళ్ళీ పెరిగేదాకా అడుగున ఉన్న నరాలు బయటపడి ఉండి, చల్లగాలికి, గట్టి నవ్వుకు, ఎక్కువసేపు మాట్లాడడానికి కూడా దగ్గును పుట్టిస్తాయి. మీ వృత్తిలో రోజుకు నాలుగు గంటలు మాట్లాడక తప్పదు కాబట్టి మానడం మరీ ఆలస్యం అవుతుంది. ఇక్కడ చంపడానికి క్రిమి ఏదీ మిగలలేదు. మరో యాంటీబయోటిక్ మీ కడుపును పాడుచేయడం తప్ప చేసేదేమీ లేదు. కఫం పచ్చగా వస్తోంది కదా అంటారేమో, ఒక్క రంగును బట్టి బ్యాక్టీరియా అని చెప్పలేం. పోరాడి చనిపోయిన తెల్లరక్త కణాలలోని పదార్థం వల్ల కూడా ఆ రంగు వస్తుంది.

అయితే ఒక్కసారి తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒక పక్క పొడిచినట్టున్నా, కఫంలో రక్తపు చార కనిపించినా అది వేరే కథ. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, న్యుమోనియా అయితే యాంటీబయోటిక్ నిజంగానే అవసరం. ఏమీ లేకపోయినా దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి. మన దేశంలో రెండు వారాలకు మించిన దగ్గును క్షయ కోణంలో చూడడం నియమం, అక్కడ ఆ పరీక్ష ఉచితం. మీకు క్షయ ఉందని కాదు, లేదని తేలితే మిగతా వారం నిశ్చింతగా దగ్గవచ్చు.

మామగారి విషయంలో ఇంట్లో కరోనా నాటి ఆక్సీమీటరు ఉంటే బయటకు తీయండి. అందులో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ముసలివారిలో జ్వరం పెద్దగా లేకుండానే ఫ్లూ ముదరవచ్చు. పాపకు ముక్కు కారడం ఒక్కటే అయితే భయం లేదు. ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక నిమిషం పాటు పొట్ట కదలికను లెక్కపెట్టండి. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయకూడదు.

మీ వల్లే సోకిందా అని అడిగారు. ఫ్లూ సోకిన పెద్దలు లక్షణాలు కనిపించే ముందు రోజు నుంచి అయిదారు రోజుల దాకా, పిల్లలు ఇంకా ఎక్కువ రోజులు ఇతరులకు అంటిస్తారు. ఒంట్లో చేరాక బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆ లెక్కన మీ నుంచి అయినా కావచ్చు, బడి నుంచి పాప తెచ్చినదైనా కావచ్చు. జ్వరం మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతే పనికి వెళ్ళవచ్చనేది సాధారణ నియమం. ఆ లెక్కన మీరు ఇప్పుడే వెళ్ళవచ్చు, కొన్నాళ్ళు మాస్కు పెట్టుకోండి, ఆ తరగతి కిటికీలు మాత్రం జల్లు పడినా రెండు తీసి ఉంచండి.


సమాధానం 2: కరీంనగర్ మెడికల్ షాపు

డాక్టరు గారు చెప్పినదానికి నేను కలపగలిగింది కౌంటరు ఇవతలి అనుభవమే. ఇరవై ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను. సర్ది సీజన్ వచ్చిందంటే ‘రెండు జ్వరం గోళీలు, రెండు సర్ది గోళీలు, రెండు యాంటీబయోటిక్‌లు ఇవ్వండి’ అనే వారితో పొద్దంతా సరిపోతుంది. చీటీ లేనిదే యాంటీబయోటిక్ ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు, అక్కడ దొరుకుతుంది. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

అంతకంటే ఎక్కువ మంది పట్టించుకోనిది పారాసిటమాల్ లెక్క. జ్వరానికి వేసుకునే 650 బిళ్ళలో ఉన్నదీ, జలుబుకు అమ్మే కాంబినేషన్ బిళ్ళల్లో చాలావాటిలో ఉన్నదీ అదే మందు. రంగు వేరు, పేరు వేరు కాబట్టి వేర్వేరు మందులనుకుని రెండూ కలిపి వేసుకుంటారు, పైగా జ్వరం దిగలేదని మూడు గంటలకే మళ్ళీ వేసుకుంటారు. పెద్దలకైనా రోజు మొత్తానికి నాలుగు గ్రాములు దాటకూడదు, ఒక మోతాదుకూ ఇంకొకదానికీ నడుమ కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి. కాలేయం జబ్బు ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఈ హద్దు ఇంకా తక్కువ. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవలేకపోతే దుకాణంలో అడగండి, చదివి చెప్పడం మా పనే.

మీ మామగారికి బీపీ ఉందన్నారు. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ వంటివి బీపీని పెంచుతాయి. తుమ్ములు ఆపే పాతకాలపు మందులు మత్తు తెస్తాయి, ప్రోస్టేటు పెరిగిన పెద్దవారిలో మూత్రం బిగబట్టేస్తాయి. కాబట్టి ఆయనకు జలుబు బిళ్ళ అనేదే డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. ముక్కులో వేసే చుక్కల మందు కూడా మూడు రోజులకు మించి వాడితే, మానగానే ముక్కు అంతకు ముందుకంటే ఎక్కువగా మూసుకుపోతుంది. ఉప్పునీటి చుక్కలకు ఆ బెడద లేదు.

పాప సిరప్ సంగతి. కిందటేటి సీసా పారబోయండి, మూత తీసిన సిరప్ ఏడాది నిలవ ఉంచేది కాదు. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని సీసాపై రాయాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గు మందు తాగి చిన్నపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయాక, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా అవి తగవని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ అక్టోబరులో రాష్ట్రాలకు సూచన పంపింది. జ్వరం వస్తే పారాసిటమాల్ సిరప్ చాలు, కానీ కొనేటప్పుడు 5 ఎం.ఎల్.కు 125 మిల్లీగ్రాములదా, 250దా చూసుకోండి. రెండూ ఒకే రకం సీసాల్లో వస్తాయి, 250ది తెచ్చి 125 లెక్కన పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు.


సమాధానం 3: తెనాలి పెద్దావిడ

అమ్మా, మందుల సంగతి తెలిసినవారు చెప్పారు, నేను వంటింటి సంగతి చెబుతాను. ‘లంఖణం పరమౌషధం’ అని మా అత్తగారి కాలంలో జ్వరపువారిని మూడు రోజులు మాడ్చేవారు. ఆ మాటను మధుమేహం ఉన్నవారి దగ్గర, పసిపిల్లల దగ్గర ఎన్నడూ పాటించకండి. ఆకలి లేదంటే బలవంతంగా కుక్కనక్కరలేదు గానీ, రెండు గంటలకొకసారి ఏదో ఒకటి లోపలికి పోవాలి. మామగారికి ఉప్పు తగుమాత్రంగా వేసిన పలచటి రాగి జావ, పెసరపప్పు కట్టు, ఇడ్లీ సరిపోతాయి. మీకు మిరియాల చారు. మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రేకలు కచ్చాపచ్చాగా దంచి, చింతపండు కాస్త తక్కువ వేసి, పొంగు రాగానే దించేయాలి. అది జబ్బును నయం చేస్తుందని నేననను. నాలుక చచ్చిపోయిన రోజుల్లో అన్నం నాలుగు ముద్దలు దిగేలా చేస్తుంది, వేడికి ముక్కు వదులవుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది.

రాత్రి దగ్గుకు మా ఇళ్ళల్లో వాడేది కరక్కాయ. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగుతుంటే గొంతులో గరగర కాసేపు కట్టుబడుతుంది. పడుకునేటప్పుడు తలవైపు రెండు దిండ్లు వేసుకోండి. పాపకు పడుకునే ముందు అర చెంచా తేనె నాకించవచ్చు, నాలుగేళ్ళు నిండాయి కాబట్టి భయం లేదు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె తగిలించనే కూడదు. ఆవిరి పట్టడం పెద్దవారికి హాయిగానే ఉంటుంది గానీ, పాపను దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టకండి. మా వీధిలో ఒక పసివాడి తొడలు అలాగే కాలాయి.

ఇక కషాయాల గురించి నా తప్పు నేనే ఒప్పుకుంటాను. మూడేళ్ళ కిందట మావారికి దగ్గు పట్టుకుంటే, శొంఠి, మిరియాలతో పాటు అతిమధురం దండిగా వేసి పూటపూటా కషాయం కాచి పోశాను. ఇంటి వైద్యమే కదా అన్న ధీమా. పదిహేను రోజులకు ఆయన కాళ్ళు వాచాయి, ఎన్నడూ లేనిది బీపీ 180కి ఎక్కింది, కాళ్ళు లాగేస్తున్నాయని రాత్రిళ్ళు లేచి కూర్చునేవారు. పరీక్ష చేసి పొటాషియం పడిపోయిందన్నారు. ఏమేమి తింటున్నారు, ఏమేమి తాగుతున్నారు అని డాక్టరు ఒక్కొక్కటే అడిగితే చివరికి నా కషాయం బయటపడింది. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి పొటాషియాన్ని పోగొడుతుందట. మానిన కొన్నాళ్ళకు అన్నీ సర్దుకున్నాయి. మీ మామగారికీ బీపీ ఉంది కాబట్టి, కషాయంలో అతిమధురం వద్దు, తాటిబెల్లం కూడా షుగరే అని మరవద్దు.

మరొక మాట అడగకుండానే అంటున్నాను. ఇంట్లో మగవారికి జ్వరం వస్తే వారం రోజులు మంచం దిగనివ్వం. ఇల్లాలికి వస్తే మూడో రోజు జ్వరం దిగగానే నాలుగో రోజు పొయ్యి దగ్గర నిలబడుతుంది. మీరూ అదే చేసి ఉంటారు. ఫ్లూ తర్వాతి నీరసం జ్వరంతో పాటు పోయేది కాదు, రెండు వారాలు ఉంటుంది. ఆ రెండు వారాలు మీవారిని అన్నం వండమనండి. మామగారికి సేవ చేయవలసింది కూడా ఇప్పుడే దగ్గుతున్న మీరు కాదు, ఆయనే. మామగారికి గాలి వచ్చే గది విడిగా ఇవ్వండి, తువ్వాలు, గ్లాసు వేరుగా పెట్టండి, ఆ గదిలోకి వెళ్ళేవారు మాస్కు పెట్టుకుని, వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.


సమాధానం 4: విశాఖ పాఠకుడు

ఇంత చర్చలో ఫ్లూ టీకా ఊసే లేదు. నేను కిందటేడు నవంబరులో వేయించుకున్నాను, అయినా ఈ ఆగస్టులో నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాను. డబ్బు దండగ అనిపించింది. మామగారి వంటివారికి అది నిజంగా పనికొస్తుందా?


సమాధానం 5: గుంటూరు ఫిజీషియన్

పనికొస్తుంది, కానీ వేయించుకునే నెల ముఖ్యం. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. మన దగ్గర ఫ్లూ ఉద్ధృతి ముఖ్యంగా వానాకాలంలో, మళ్ళీ కొంత చలికాలం చివర కనిపిస్తుంది. నవంబరులో వేసుకున్న టీకా బలం మరుసటి ఆగస్టుకు చాలావరకు తగ్గిపోతుంది. వానలకు ముందు, ఏప్రిల్ మే నెలల్లో వేసుకుంటే మనకు సరిపోతుంది, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. పైగా మీకు వచ్చింది ఫ్లూ కాకపోవచ్చు కూడా. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, ఈ టీకా వాటిని ఆపదు. ఫ్లూనైనా పూర్తిగా ఆపుతుందని చెప్పను. పెద్దవారిని ఆసుపత్రి మంచం దాకా పోనివ్వకుండా చాలామందిని కాపాడుతుంది, అందుకే వేయిస్తాం. ప్రభుత్వ సార్వత్రిక టీకాల జాబితాలో ఇది లేదు కాబట్టి సొంత ఖర్చుతోనే వేయించుకోవాలి. మేడమ్ మామగారికి ఈ జ్వరం పూర్తిగా తగ్గాక దీంతో పాటు, న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకోకల్ టీకా గురించి కూడా అడగండి. పాపకు ఇదే మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం.


ప్రశ్నించినవారి మలిమాట: ఖమ్మం లెక్చరర్, ఏడు రోజుల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ సాయంత్రమే మామగారిని తీసుకువెళ్ళాం. ముక్కులో నుంచి తీసిన నమూనాలో ఫ్లూ ఎ అని తేలింది, డెంగీ లేదన్నారు. క్రియాటినిన్ ఎక్కువగా ఉండడంతో ఒసెల్టామివిర్ మోతాదు తగ్గించి అయిదు రోజులకు ఇచ్చారు. మేమే కొని వేసి ఉంటే పూర్తి మోతాదే వేసేవాళ్ళం. మొదటి రాత్రి ఆయన షుగరు 290 చూపించింది, మూడో రోజుకు జ్వరంతో పాటు అదీ దిగింది. ఆక్సీమీటరు 95 కంటే తగ్గలేదు. ఇంకా వీధి చివరి దాకా నడిస్తే అలసిపోతున్నారు.

మందుల డబ్బా తిరగేస్తే జ్వరం బిళ్ళ, జలుబు బిళ్ళ రెండింటిలోనూ పారాసిటమాలే ఉంది. జ్వరపు మూడు రోజులూ నేను రెండూ వేసుకున్నాను. పాప సిరప్ పారబోశాం, దాని ముక్కు దానంతటదే ఆరింది. యాంటీబయోటిక్ నేను మళ్ళీ వాడలేదు. పధ్నాలుగో రోజు దాటాక ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం ఇచ్చి వచ్చాను, క్షయ లేదని చెప్పారు. దగ్గు పోలేదు గానీ రాత్రి ఒకటి రెండుసార్లు లేపి ఊరుకుంటోంది. కరక్కాయ చేదు మొదటి రోజు ఓర్చుకోలేకపోయాను, ఇప్పుడు అలవాటైంది. మావారు మూడు పూటలు అన్నం వండారు, రెండో రోజు అడుగంటింది. ఈ వారమంతా రోజుకు రెండు పీరియడ్లే తీసుకుంటానని, మిగతావి ప్రయోగశాల తరగతులుగా మార్చమని ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాను, ఒప్పుకున్నారు.